పట్టీ ఉంది, కుక్క లేదు

"అక్కా, వాడు ఇంకా మన వెనకే వస్తున్నాడే!"

అంది నాన్సీ, అక్కకి దగ్గరగా జరుగుతూ.

మ్యూరియల్ వెనక్కి చూడలేదు. తమ చిన్న కుక్క పికిల్ పట్టీని అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది.

"రానీ. పూలు చూడ్డానికి ఊరంతా వస్తుంది. దారేమన్నా మన సొంతమా?"

"పూల కోసం వచ్చినవాడు పూలు చూడాలిగా! వాడి చూపంతా మన పికిల్ మీదే ఉంది."

ఏటా బ్లూబెల్ పూలు విచ్చే రోజుల్లో ఆ ఎస్టేట్ గేట్లు అందరికీ తీస్తారు. అడవిలో ఎటు చూసినా నేల కనపడదు, అంతా నీలమే. అక్కచెల్లెళ్ళిద్దరూ శాండ్‌విచ్‌లు కట్టుకుని, కుక్కను వెంటబెట్టుకుని పొద్దున్నే వచ్చారు. పికిల్ అంటే మ్యూరియల్‌కి ప్రాణం. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకున్న తోడు అదొక్కటే.

అంతవరకూ హాయిగానే గడిచింది. వడ్రంగిపిట్ట టకటకలు విన్నారు. పొదలో గుడ్ల మీద కూర్చున్న ఫెజెంట్ అనే అడవికోడిని చూసి, మునివేళ్ళ మీద పక్కకి తప్పుకున్నారు. చెట్ల మధ్య జింకలు చెవులు నిక్కబొడుచుకుని చూస్తే ఇద్దరూ చిన్నపిల్లల్లా మురిసిపోయారు.

అప్పుడు కనిపించాడు అతను.

ముసలివాడు. మాసిన గడ్డం, చేతిలో కర్ర. కోటుకి గుండీలు లేవు. అది జారకుండా నడుముకి తోలు పట్టీ ఒకటి బిగించుకున్నాడు. దాని చివర తుప్పు పట్టిన కొక్కెం వేలాడుతోంది.

"అక్కా, అది కుక్కను కట్టే పట్టీ!"

"అయితే ఏంటట?"

"పట్టీ ఉంది, కుక్క లేదు. ఇంకా బుర్రకెక్కలేదా? కుక్కల దొంగే తల్లీ!"

మ్యూరియల్ పికిల్‌ని దగ్గరికి లాక్కుంది. కిందటి నెలే వాళ్ళ వీధిలో రెండు కుక్కలు మాయమయ్యాయి.

నడక పెంచారు. అతనూ పెంచాడు. ప్రిమ్‌రోజ్ పూలు చూసే నెపంతో ఆగారు. అతనూ ఆగాడు.

"ఏమయ్యా, ఏం కావాలి నీకు?" ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అడిగింది మ్యూరియల్.

"ఏం లేదమ్మా. మీ దారిన మీరు నడవండి. దారి మాత్రం వదలొద్దు."

ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది.

"దారి వదలొద్దంటున్నాడేంటే? ముందు ఇంకెవడో కాపు కాస్తున్నాడేమో!" అంది నాన్సీ. "అదుగో, ఆ కంచె దాటితే పచ్చిక బయలు. అవతల టీ బల్లలు కూడా కనపడుతున్నాయి. పద పద!"

కంచె మీద ఏదో బోర్డు ఉంది. చదివే ఓపిక ఎవరికుంది? పికిల్‌ని చంకన పెట్టుకుని, కంచెకున్న మెట్లెక్కి అటు దిగి, దాన్ని నేల మీద దించారు.

"అటొద్దు! అమ్మా, అటు పోవద్దు!"

"విన్నావా కేకలు? పరిగెత్తవే!"

బయలు సగం దాటాక గానీ ఆవులు కనపడలేదు. పల్లంలో పడుకున్నాయి, పక్కన దూడలు. ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. పికిల్ మొరిగింది.

ముందున్న ఎర్రావు తల వంచింది.

"కుక్కను వదిలెయ్!" ముసలివాడు కుంటుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. "అవి కుక్క కోసమే వస్తున్నాయి! పట్టీ వదిలెయ్!"

"చచ్చినా వదలను!"

నేల దడదడలాడింది. మ్యూరియల్ పట్టీని ఇంకా బిగించి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

అంతలో అతను వచ్చి మీద పడ్డాడు. ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టీ లాగేశాడు. నాన్సీ గొడుగుతో అతని వీపు మీద బాదింది. పికిల్ తప్పించుకుని పరుగు తీసింది. సగం మంద దాని వెంట పడింది.

"గేటు దగ్గరికి ఉరకండి!" ఇద్దర్నీ తోసి, కర్ర ఎత్తి మిగతా ఆవులకి అడ్డంగా నిలబడ్డాడు.

వాళ్ళు ఉరికారు. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

గేటు అవతల గుర్రపుశాల ముందు, ఎస్టేట్‌లో పనిచేసే బెస్సీ అందరికీ టీ పోస్తోంది.

"దొంగ! మా కుక్కను లాక్కున్నాడు! పోలీసుల్ని పిలవండి!" అని అరిచింది నాన్సీ.

"ఎలా ఉన్నాడు?"

"గుండీల్లేని కోటు, నడుముకి కుక్క పట్టీ..."

బెస్సీ చేతిలో టీ కూజా బల్ల మీద పడింది.

"ఎక్కడ?"

"ఆవులున్న బయల్లో."

బెస్సీ గుర్రపుశాల వాళ్ళని పేరుపేరునా కేకేస్తూ పరిగెత్తింది.

కాసేపటికి పికిల్ వచ్చింది. ఒళ్ళంతా బురద, గీత కూడా పడలేదు. మ్యూరియల్ దాన్ని గుండెకి హత్తుకుని బావురుమంది.

"ఆ దొంగ వెధవ నుంచి తప్పించుకొచ్చావా నా బంగారం!"

ఆ మాట నోట్లో ఉండగానే నలుగురు మనుషులు ఒక చెక్క తలుపు మోసుకుంటూ వచ్చారు. దాని మీద అతను. ముఖం మీద ఎవరిదో కోటు కప్పేశారు.

మ్యూరియల్ పికిల్‌ని కింద దించింది.

"ఎవరమ్మా... ఎవరతను?"

"మా దొరగారు," అంది బెస్సీ. "పొద్దుట్నుంచీ మీరు తిరిగిన అడవంతా ఆయనదే."

"మరి మా వెనక ఎందుకు పడ్డారు?"

"ఐదేళ్ళుగా ఆయనకి అదే పని. కుక్కతో ఎవరొచ్చినా, వాళ్ళు క్షేమంగా గేటు దాటేదాకా వెనకే నడిచేవారు."

బెస్సీ వంగి, ఆయన నడుముకున్న తోలు పట్టీని మెల్లగా విప్పి చేతిలోకి తీసుకుంది.

"ఆ బయల్లోనే ఆవులు మీదికొస్తున్నా, మా దొరసానమ్మ ప్రాణం పోయేదాకా వదలని పట్టీ ఇదే."