కొలతకు సరిపోయిన గీత

"ఈ ఎర్రగీత ఏంటమ్మా?" రిపోర్టును కుట్టుమిషను మీద పరిచి అడిగాడు దర్జీ. వారం కిందట ఇంటి గోడ కూలి అతని భార్య ఆస్పత్రి పాలైంది.

"కింద సొరంగం తవ్వితే నేల ఎంత కుంగుతుందో కంప్యూటరు వేసిన లెక్క, బాబాయ్," అంది ఇంజనీరు.

"ఈ నల్ల చుక్కలు?"

"నిజంగా కుంగింది."

చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదే కూర్చున్నాయి. నిన్నటిదాకా గీత ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. నేల మాత్రం ముప్ఫై కుంగింది. "లెక్కలో మట్టిని కాస్త మెత్తన చెయ్యి, గీత అదే దిగుతుంది. మన పరువు నిలబడాలి," అన్నాడు నిన్న పై ఆఫీసరు. ఆమె చేసింది. కంప్యూటరుకేం, ఏ మట్టి చెబితే ఆ మట్టినే నమ్ముతుంది.

"కొలత తీసి కుట్టినట్టుందే," అన్నాడు దర్జీ.

"మా లెక్క తప్పదు, పెద్దాయనా," పక్కనే ఉన్న ఆ ఆఫీసరు గర్వంగా అన్నాడు.

దర్జీ ఆ గీత మీద వేలు పెట్టాడు.

"అయితే తెలిసి తెలిసీ మా ఆవిడని ఆ గోడ కిందే పడుకోనిచ్చారా?"

తెలియదని చెప్పడానికి ఇంజనీరు నోరు తెరిచింది. ఎర్రగీత కింద, నిన్న మార్చకుండా వదిలేసిన పాత తారీకుతో, తవ్వకానికి నెల ముందే చేసినట్టు, తన సంతకమే ఉంది.