ఒద్దిక పనికిరాని చోటు

"మళ్ళీ."

కొత్తమ్మాయి గౌను విప్పి, గ్లవుజులు పీకి బుట్టలో పడేసి, కుళాయి దగ్గరకు నడిచింది. పొద్దుటినుంచి మోచేతుల దాకా తోమి తోమి చర్మం మండుతోంది. ఇంతకీ చేసిన నేరమేమిటంటే, ఎదురొచ్చిన పెద్దావిడకు దారి ఇవ్వబోయి పక్కకు తప్పుకుంది. గౌను చెయ్యి కాస్తా బీరువాకు రాసుకుంది.

"ఎందుకు తప్పుకున్నావ్?"

"మీరొస్తున్నారని, సిస్టర్."

"వస్తే? ఒద్దిక ఇంట్లో పెట్టి రా. ఇక్కడ మడి కట్టుకున్నదానివి నువ్వు. తప్పుకోవాల్సింది నేను."

ఆవిడ గుండెజబ్బుల విభాగానికి పెద్ద సిస్టర్. అసలు పేరు ఎవరూ పలకరు. వెనకాల అందరూ 'మళ్ళీ సిస్టర్' అంటారు. పేస్‌మేకర్లు అమర్చే గదిలో పనిముట్ల బల్ల దగ్గర నిలబడే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. దానికోసం వార్డుల నుంచి వచ్చిన ఇద్దరిని ఆవిడ ఏడిపించి మరీ వెనక్కి పంపింది. మూడోది కొత్తమ్మాయి. ఈ ఉద్యోగం దొరికితే అంతా పగటి పని, రాత్రిళ్ళు తన చంటిది తన పక్కనే పడుకుంటుంది. దొరక్కపోతే మళ్ళీ రాత్రి డ్యూటీలే. అందుకే పళ్ళ బిగువున భరిస్తోంది.

పోనీ ఆవిడేమైనా నిలబడి నేర్పుతుందా అంటే అదీ లేదు. ఒక్క అంతస్తు దిగాలన్నా మహారాణికి లిఫ్టు కావాలి. స్టూలు వేసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుంటుంది. నిద్రపోతోందిలే అనుకుంటే అదే పొరపాటు.

కొత్తమ్మాయి చేతులు కడుక్కొచ్చి, కొత్త గౌను తొడుక్కుని, బల్ల మీద గుడ్డ మార్చి, పనిముట్లు సర్దింది. ఆవిడ నెమ్మదిగా లేచి వచ్చింది. ఒట్టి వేలితో ట్రే అంచు ముట్టుకుంది. ముట్టుకుని, ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూసింది.

కొత్తమ్మాయి చూపు ఆ వేలి మీదనుంచి నేల మీదకు దిగింది.

"చూశావా?"

"చూశాను, సిస్టర్."

"మరి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"

"మీరు పెద్దవారు కదా... ఎలా అనడం?"

ఆవిడ మొహం జేవురించింది. "నా సీనియారిటీ చూసి నా వేలి మీద క్రిములు పారిపోతాయా? పేస్‌మేకరంటే లోపల పెట్టి కుట్టేసే వస్తువు. దాంతోపాటు మురికి కూడా లోపలికి పోయిందనుకో, మళ్ళీ కోసి తియ్యాలి. అప్పటిదాకా మనిషి ఉంటే! కోసేచోట మాత్రమే మత్తిస్తారు, మనిషికి మెలకువే. కానీ గుడ్డ కింద ఏం కనపడుతుంది? ఆ మనిషికి కళ్ళూ నోరూ నువ్వే. చూశావా, అరిచి చెప్పు. తగిలిందేమోనని అనుమానమొచ్చిందా, తగిలినట్టే. అవతల ఉన్నది నేనైనా సరే, దేవుడైనా సరే."

"సరే, సిస్టర్."

"సరే కాదు. మళ్ళీ."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. బస్సులో ఇంటికెళ్తూ కొత్తమ్మాయి తనకు తెలిసిన తిట్లన్నీ ఆవిడకు అప్పజెప్పింది. అవి చాలక పక్కింటావిడ వాడేవి కూడా గుర్తు చేసుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆవిడ స్టూలు మీంచే చెప్పింది. "సోమవారం అసలు కేసు. పెద్ద డాక్టర్‌గారితో. నెగ్గావా, ఉద్యోగం నీది. లేకపోతే వార్డుకి పో."

"మీరు పక్కనుంటారు కదా, సిస్టర్?"

"నేను సెలవు పెట్టా."

ఆ ముక్క అనడానికి ఆవిడకు కొంచెమైనా సిగ్గు వెయ్యలేదు. నీళ్ళలోకి తోసి, గట్టు మీదైనా నిలబడని మనిషిని ఏమనాలి?

అత్తలేని కోడలు ఉత్తమురాలన్నట్టు, సోమవారం ఆమె చేతులు చకచకా ఆడాయి. గది మూల పనిముట్లు సర్దుకుంటూ ఉండగా వెనకాల పేషెంటును తెచ్చి పడుకోబెట్టారు. టెక్నీషియన్ పేరూ వయసూ చదివాడు. వినని పేరు, యాభై దాటిన ఆవిడ ఎవరో. జూనియర్ డాక్టరు మందు పూసి నీలిగుడ్డలు కప్పాడు. కొత్తమ్మాయి బల్ల దగ్గరకు వచ్చేసరికి అరచేతంత చోటు తప్ప మనిషి కనిపించలేదు.

పెద్ద డాక్టరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పని సగమయ్యేసరికి వెలుతురు చాలలేదని విసుక్కుంటూ, తలెత్తకుండానే పైనున్న లైటు పిడి పట్టి లాగాడు. పిడికి శుభ్రమైన తొడుగు ఉంది. వేళ్ళు ఆ తొడుగు దాటి పైకి వెళ్ళాయి. అది కొత్తమ్మాయి తప్ప ఎవరూ చూడలేదు.

ఆయన అదే చెయ్యి చాచాడు. "పేస్‌మేకర్."

అది ఆమె చేతిలోనే ఉంది. ఇచ్చేస్తే ఉద్యోగం ఖాయం. రాత్రి డ్యూటీలు, పక్కలో తడుముకుని ఏడ్చే చంటిది కళ్ళముందు కదిలాయి.

"ఇవ్వను సార్. మీ చెయ్యి లైటుకి తగిలింది. గ్లవుజులు మార్చుకోండి."

"తగల్లేదు."

"తగిలింది సార్. అనుమానమున్నా తగిలినట్టే."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు సార్. మీరైనా అంతే."

జూనియర్ డాక్టరు తల దించుకున్నాడు. పెద్ద డాక్టరు మొహం మాస్కు దాటి చెవుల దాకా ఎర్రబడింది. "నిన్నగాక మొన్న వచ్చావ్! ఎవరు నేర్పారు నీకీ పొగరు?"

కొత్తమ్మాయి నోరు తెరిచేలోపే, నీలిగుడ్డ కిందనుంచి పేషెంటు గొంతు కరుకుగా లేచింది: "నేనే నేర్పాను డాక్టర్‌గారూ, వెళ్ళి చేతులు కడుక్కుని రండి... మళ్ళీ!"