వంక పెట్టిన కారు

“తలుపుకి సున్నా వెయ్యండి” అందామె, పెదవులు కదలనీయకుండా.

భర్త ఆమె ముఖంలోకి చూశాడు. అతను పదికి పది వెయ్యబోతున్నాడు.

ఇంకా అమ్మకానికి రాని కారది. తయారుచేసే కంపెనీ పన్నెండు కుటుంబాలను పిలిచి, హాలు మధ్యలో కారు నిలబెట్టి, ఏం బాగుంది, ఏం బాగాలేదు, ఎంతయితే కొంటారు అని అడుగుతోంది. ఒక్కో భాగానికీ పదికి మార్కులు వెయ్యమని తలా ఒక కాగితం ఇచ్చింది.

భర్త బస్సు డ్రైవరు. మొదట అతనికి ఏదీ ఆనలేదు. స్టెప్నీ ఎత్తేశారన్నాడు. ఏసీ తగ్గించాలన్నా తెర మీద వెతుక్కోవాలంటే రోడ్డెప్పుడు చూస్తామన్నాడు. డాష్‌బోర్డు మీద వేలితో కొట్టి, ఈ ధరకి ఈ రేకు డబ్బా మోతేమిటన్నాడు. పక్క తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వంక దొరకలేదు. అది బయటికి తెరుచుకోలేదు, వెనక్కి జారింది. లోపలి నేల ఎక్కడా ఎత్తు లేకుండా చదునుగా ఉంది. అడుగు నుంచి ఒక వాలుపలక వచ్చి మెత్తగా నేలను తాకింది. అతను జేబులోంచి టేపు తీసి, అటూ ఇటూ చూసి, గబగబా కొలిచాడు. కూతురి చక్రాల కుర్చీ వెడల్పు కంటే నాలుగు వేళ్ళు ఎక్కువే వచ్చింది.

కూతురికి పదిహేనేళ్ళు. ఏ బండి ఎక్కాలన్నా తండ్రే ఎత్తి కూర్చోబెట్టాలి. “వీధిలో అందరూ చూస్తుండగా నన్నెత్తుకోవద్దు నాన్నా” అని ఆర్నెల్ల కిందట ఒక్కసారి అంది. మళ్ళీ అనలేదు. బడి నాలుగిళ్ళ అవతలే కాబట్టి వెళ్ళొస్తోంది. ఇంకెక్కడికీ కదలడం లేదు. ఈ పిలుపు గురించి కనిపెట్టి, తండ్రి పేరు రాసి పంపింది కూడా ఆ పిల్లే. వెంట వస్తానంటే తల్లి వద్దంది. మన అవసరం వాళ్ళ కంటపడకూడదంది.

“ఆ తలుపు కోసమే కదే మనం వచ్చింది” గొణిగాడు భర్త.

“అందుకే సున్నా. మనకి కావలసింది అదేనని తెలిసిందా, రేటంతా దాని మీదే పెడతారు.”

ఆమె పద్దెనిమిదేళ్ళుగా బట్టల కొట్టులో కౌంటరు వెనక నిలబడుతున్న మనిషి. గుడ్డ చూసి మురిసిపోయినవాళ్ళకి ఆమె ఏనాడూ పైసా తగ్గించలేదు. రంగు వెలిసేలా ఉందనీ, నేత పలచననీ విసిరి పక్కన పడేసినవాళ్ళకే తగ్గించింది. చివరికి కొనుక్కుపోయిందీ వాళ్ళే.

ఇది కొట్టు కాదనీ, వీళ్ళు ఊరికే మన మాట అడుగుతున్నారనీ భర్త చెప్పబోయాడు.

“ఊరికే ఎవరైనా టీ ఇచ్చి మరీ అడుగుతారా? మీరు బస్సు చూసుకోండి. బేరం నాకొదిలెయ్యండి.”

అతను తలుపుకి సున్నా వేశాడు. వేస్తూ ఒకసారి కారుకేసి తప్పు చేసినవాడిలా చూశాడు.

టీ తాగే వేళకి ఆమె తక్కిన పదకొండు కుటుంబాలనూ చుట్టబెట్టేసింది. ముగ్గురు పిల్లల తల్లి ఒకావిడ ఆ తలుపు ఎంత బాగుందోనని నోరు విప్పబోతే, పక్కకి లాక్కెళ్ళి నచ్చజెప్పింది. అందరం ఒకే మాట మీద ఉంటే దిగిరాక ఛస్తారా అంది. పళ్ళ డాక్టరు ఒకాయన నవ్వుతూనే తన కాగితం మీద పది కొట్టేసి సున్నా చుట్టాడు.

కంపెనీ తరఫున కూర్చున్న అమ్మాయి, పన్నెండు లక్షలు అనుకుంటున్నామండీ అని వినయంగా చెప్పింది.

“తొమ్మిదైతే చూద్దాం” అందామె. “ఆ తలుపేమిటమ్మా, షాపు షట్టర్లాగా. ఎవరడిగారు దాన్ని?”

ఆ అమ్మాయి అడ్డు చెప్పకుండా అంతా రాసుకుంది. కొట్టులో తానైతే ఈపాటికి నాణ్యం గురించి నాలుగు ఒట్లు వేసి ఉండేది. ఈ పిల్లకి అమ్మడం రాదనుకుని జాలిపడిందామె.

ఇంటికి రాగానే కూతురు అడిగింది ఒక్కటే, పడుతుందా అని. తండ్రి నాలుగు వేళ్ళు చూపించాడు. ఆ పిల్ల హాల్లో సుద్దముక్కతో అంత వెడల్పున రెండు గీతలు గీయించుకుని, సాయంత్రం దాకా వాటి మధ్య నుంచి లోపలికీ బయటికీ పోతూనే ఉంది.

ఆరో నెలలో ఫోను మోగింది. ఆ అమ్మాయే. కారు ఈ వారమే వస్తోందనీ, ఆ రోజు వచ్చినవాళ్ళకే మొదటి బళ్ళనీ చెప్పింది. తల్లి అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

“ధర మీరన్నదేనమ్మా. సరిగ్గా తొమ్మిది.”

భర్త బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. తన పెళ్ళాన్ని మించిన బేరగత్తె భూమ్మీద లేదని గోడలకి చెప్పాడు. కూతురు అప్పుడే లెక్క మొదలుపెట్టింది, ముందు స్నేహితురాలింటికి, తర్వాత సినిమాకి, తర్వాత ఎక్కడికీ కాదు, ఊరికే పెట్రోలు బంకు దాకా. తల్లి వాళ్ళిద్దరినీ కళ్ళతోనే ఉండమని, గెలిచిన గొంతుతో, మూడు లక్షలు ఒక్కసారిగా ఎలా తగ్గించారమ్మా అని అడిగింది.

“అంతా మీ సలహానేనమ్మా” అంది ఆ అమ్మాయి సంబరంగా. “పన్నెండు కుటుంబాలూ సున్నా వేసిన ఆ జారే తలుపూ పలకా తీసేసి, అన్ని కార్లకీ ఉండే మామూలు తలుపే పెట్టేశాం.”