లక్ష్మి చూపు

“నువ్వు జర అవతలికి ఉండు పద్మా. ముహూర్తం దాటినంక వద్దువుగని,” అన్నాడు రఘుపతి, కార్ఖానా గడపకు అడ్డంగా నిలబడి.

హారతి పళ్లెం పట్టుకున్న పద్మారాణి అక్కడే ఆగిపోయింది. ఎడమ కంట్లో గడ్డ లేస్తే, కన్నే తీసేసి మూడు నెలలైంది. కట్టు విప్పినా ఇల్లు కదల్లేదు. నలుగురిలోకి వెళ్లమని డాక్టరు పదేపదే చెప్పడంతో, మొగుడు గోపాల్ సొంత మరమగ్గం, సాంచ, పెట్టుకుంటున్న ఈ రోజున నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పర్వత్ పాటియాలోని ఈ కార్ఖానా దాకా వచ్చింది. ఇప్పుడు వెనక్కి తిరిగితే మళ్లీ బయటికి రావడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

గోపాల్ ఏదో నసిగాడు. రఘుపతి అతని పెదనాన్న, సూరత్ తీసుకొచ్చి పని నేర్పిన మనిషి. పిల్లి ఎదురైతే టెంపో ఆపించే ఆయన, బ్రేకుల్లేని టెంపో ఎక్కడానికి మాత్రం ఏనాడూ వెనకాడలేదు.

“నీమీద కోపమేం లేదు బిడ్డా. కొత్త సాంచకు ఒంటికన్ను ఎదురైతే పోగులు నిలవయి. శాస్త్రం గట్లుంది,” అన్నాడు.

ఆ శాస్త్రం ఎక్కడ రాసుందో ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. పద్మారాణికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. అయినా పళ్లెం అక్కడే పెట్టి గడప పక్కన పేర్చిన దారం డబ్బాల వెనక్కి వెళ్లి నిలబడింది.

ఎదురు రావడానికి గల్లీ చివరింటి విజయశ్రీని పిలిపించారు. రఘుపతి ఏ పని మొదలుపెట్టినా ఆమే ఎదురు రావాలి. ఇత్తడి చెంబుతో నీళ్లు పట్టుకుని ఆమె తిన్నగా నడిచి వచ్చింది. రఘుపతి దండం పెట్టుకుని స్విచ్ వేశాడు. సాంచ గడగడా ఆడింది, ఒక్క పోగూ తెగలేదు.

కాసేపటికి సాంచ ఆపి, పేడా మిఠాయిలు పంచుతూ ఆయన ఉపన్యాసం అందుకున్నాడు. తన కార్ఖానాలో సాంచలన్నీ విజయశ్రీ ఎదురొస్తేనే పెరిగాయట. ఈ కాలం ఆడవాళ్ల చూపులు నాలుగు దిక్కులా పరిగెడతాయట.

“ఈమెను జూడుండ్రి. పక్కకు చూడాల్నంటె మెడ తిప్పుతది గని, కండ్లు తిప్పది. లక్ష్మి చూపంటే గిది,” అన్నాడు. తర్వాత డబ్బాల వైపు తిరిగి, “ఇగ రా పద్మా, ఇప్పుడు నీతోని నష్టం లేదు,” అని పేడా చూపించాడు.

విజయశ్రీ చెంబు కింద పెట్టింది. డబ్బాల వెనక్కి వెళ్లి, పద్మారాణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సాంచ ముందు తన పక్కన నిలబెట్టుకుంది.

“కండ్లు ఎందుకు తిప్పనంటే మామా, నాగ్గూడ చిన్నప్పుడు గిట్లనే గడ్డయింది,” అంది నెమ్మదిగా. “తిప్పితే ఒక్కటే తిరుగుతది. రెండోది పెట్టుడు కన్ను.”