సాయంత్రం పాలు

"ఛీ! మళ్ళీ కన్ను కొట్టింది."

విమలాదేవి కిటికీ రెక్క ధడాలున మూసింది. బయట పాలు తెచ్చిన ఆండాలు ఎడమ రెప్ప సగానికి వాల్చి నిలబడి ఉంది. ఎదురుగా అరుగు మీద విమలాదేవి భర్త, గాజుల సేటు కైలాసం.

పొద్దున పాలు విమలాదేవే పోయించుకుంటుంది. అప్పుడు ఆండాలు కళ్ళు రెండూ చక్కగా తెరుచుకునే ఉంటాయి. సాయంత్రం లాడ్ బజార్ నుంచి కైలాసం ఇల్లు చేరాకే ఈ వయ్యారమంతా. ఆ మైకంలో సగం పాలు గిన్నెలో, సగం నేలమీద. ఆ పూట పాలు విమలాదేవి తాగేది కాదు. మోరీలో పారబోసేది.

"మీ ఎదురుంగనే గట్ల చేస్తుంటే ఏమనరేంది?"

"నేను తలెత్తి చూస్తనా? పాలు మస్తు చిక్కగున్నయి. మాన్పియ్యకు" అన్నాడు కైలాసం.

ఇంత బంగారంలాంటి మనిషికా వల విసురుతోంది అని విమలాదేవి ఒళ్ళు మండిపోయింది. మర్నాడే ఆండాలు మొగుడు మొగులయ్యను పిలిపించి కడిగేసింది. లాల్‌దర్వాజా గల్లీ అంతా గుప్పుమంది. పెళ్ళాన్ని పుట్టింటికి తోలేస్తానన్నాడు మొగులయ్య.

ఆండాలు పరుగెత్తుకొచ్చి కాళ్ళమీద పడింది.

"పొద్దు గూకంగ రెప్ప దానంతటదే పడుతదమ్మా. ఒక్క గిన్నె రెండు కనిపిస్తది. కావాలని చేస్తలేను."

"థూ! గీ కథలు నాకు చెప్పకు."

పండక్కి వచ్చిన విమలాదేవి తమ్ముడు, డాక్టర్ అమరనాథ్ ఆ మాట విన్నాడు. ఆండాలును కూర్చోబెట్టి, రెప్ప వేయకుండా పైకప్పు చూడమన్నాడు. నిమిషం తిరక్కుండానే ఎడమ రెప్ప మెల్లగా జారిపోయింది. మర్నాటి సాయంత్రం దవాఖాన నుంచి విలాయతీ మందు తెచ్చి, మొగులయ్య ముందే సూది వేశాడు. పావుగంటలో రెప్ప లేచింది.

"ఇది బీమారక్కా. నరం చెప్పింది కండకు అందుతలేదు. పొద్దంత అలిసినంక రెప్ప వాలుతది, చూపు రెండైతది. ఈమె ఎవ్వరికీ కన్ను కొట్టలే."

మొగులయ్య తల దించుకుని, పెళ్ళాన్ని ఇంటికి తీసుకెళ్ళే బండి తేవడానికి వెళ్ళాడు. విమలాదేవికి తనమీద తనకే రోత పుట్టింది. ఆండాలు చెయ్యి పట్టుకుంది.

"తప్పైంది ఆండాలూ. బీమారును పట్టుకొని రంకు అన్న."

ఆండాలు కళ్ళు తుడుచుకుని, అరుగు మీద కూర్చున్న కైలాసం వైపు జాలిగా చూసింది.

"అయితే, సేటు కన్నుకు గూడ గిదే బీమారా అమ్మా?"