ఇక్కడే ఉన్నాడు

"ఆ పేరు చదవడం కుదరదు, బ్రదర్ హాస్కెట్," అన్నాడు టెరెల్, పెద్దాయన కోటుకున్న 'ఓరిన్ హాస్కెట్' అన్న పేరు బిళ్ల చూసి.

"డెల్బర్ట్ క్విన్లన్. ఒక్క పేరయ్యా! పలికితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

కాన్సస్ సిటీ హోటల్లో సోదర సంఘం జాతీయ మహాసభ అది. కాలేజీలో ఉండగా చేరినవాళ్లు, కుర్రాళ్లూ ముసలివాళ్లూ, రెండేళ్లకోసారి కలుస్తారు. కాసేపట్లో పోయినవాళ్ల పేర్లు చదువుతారు. పేరు పిలవగానే ఆ మనిషి కాలేజీ శాఖవాళ్లు ఎవరైనా లేచి "ఇక్కడే ఉన్నాడు" అనాలి. అప్పుడే అతని కొవ్వొత్తి వెలిగిస్తారు. జవాబు రాకపోతే అది అలా చీకట్లోనే ఉండిపోతుంది. పేర్లు ఆఫీసు నుంచి వస్తాయి. కొత్తగా చేర్చాలంటే మాత్రం కార్యదర్శి టెరెల్ సరేననాలి.

"ఆయన్ని సంఘం వెలివేసింది సార్. వెలివేసినవాళ్ల పేరు ఈ హాల్లో పలకకూడదు. రూలు నేను పెట్టింది కాదు."

"ఎందుకు వెలేశారో తెలుసా నీకు?"

టెరెల్ తల దించుకున్నాడు. "తెలుసు. నాలాంటి నల్లవాళ్లని కూడా చేర్చుకోవాలని సభలో లేచి మాట్లాడినందుకు."

"మరి ఇవాళ నువ్వు కార్యదర్శివి అయ్యావుగా!"

"అందుకే సార్. రూలు నేను తప్పితే అందరి నోళ్లూ నామీదే పడతాయి."

పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వులో ఇసుమంతైనా సంతోషం లేదు. "అప్పుడూ ఇదే మాట అన్నారు. రూలట!"

టెరెల్‌కి మనసు చివుక్కుమంది. ఏదో ఒకటి మాట్లాడాలని, వరండా గోడకున్న పొడవాటి పాత ఫొటో చూపించాడు. "ఇది మీ కాలం నాటి సభే కదూ?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఒమాహాలో. కెమెరా ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా తిరిగేది. అది తనని దాటగానే ఓరిన్ వరసల వెనకనుంచి పరిగెత్తి అటు చేరాడు. రెండు చివర్లా పడ్డాడు చూడు, కోతివెధవ!"

తన సంగతే ఇంకెవరి సంగతో అన్నట్టు చెబుతుంటే టెరెల్‌కి నవ్వొచ్చింది. "మధ్యలో ఈ చెదిరిపోయిన మొహం ఎవరిది?"

"డెల్బర్ట్‌ది. ఆ పరుగు చూసి నవ్వాపుకోలేక కదిలిపోయాడు." పెద్దాయన గొంతు మెత్తబడింది. "ఒక్క గదిలో మా శాఖవాళ్లం ఆరుగురం దొర్లేవాళ్లం. విందులో రొట్టెలు జేబుల్లో కుక్కుకొచ్చి పొద్దున్నే తినేవాళ్లం. లాబీలో పాటలు పాడుతుంటే హోటలువాళ్లు తిట్టిపోసేవారు. ఇక్కడున్నవాళ్లంతా నావాళ్లే, చచ్చేదాకా నావాళ్లే అనిపించేది. ఆ ఫొటో తీసిన మర్నాడే డెల్బర్ట్‌ని గెంటేశారు. ముందు రోజు భుజాల మీద ఊరేగించినవాళ్లే, గెంటెయ్యాలని చేతులెత్తి ఓటేశారు."

"మీరు?"

"ఓరిన్ ఎత్తలేదు. హాలు మొత్తంలో వాడొక్కడే ఎత్తలేదు. అప్పట్నుంచీ ప్రతి సభకీ వచ్చి, డెల్బర్ట్‌ని మళ్లీ తీసుకోండని అడుగుతూనే ఉన్నాడు. ఒక్కసారి ఈ హాల్లో ఆ పేరు వినపడాలి, అదే వాడి కోరిక."

టెరెల్ "క్షమించండి బ్రదర్," అని చెయ్యి చాపాడు. పెద్దాయన ఆ చెయ్యి అందుకోకుండా వెళ్లి ఆఖరి వరసలో కూర్చున్నాడు.

దీపాలు తగ్గించారు. అధ్యక్షుడు ఒక్కో పేరూ చదువుతున్నాడు. హాల్లో ఎక్కడో ఒకచోట "ఇక్కడే ఉన్నాడు" అని వినపడుతోంది, కొవ్వొత్తి వెలుగుతోంది.

"ఓరిన్ హాస్కెట్."

గుమ్మం దగ్గరున్న టెరెల్ ఉలిక్కిపడ్డాడు.

జవాబు లేదు. ఆ శాఖ మూతపడి చాలా కాలమైంది. అధ్యక్షుడు మళ్లీ పిలిచాడు. ఎవరూ లేవలేదు. ఆ కొవ్వొత్తి వదిలేసి ఆయన చెయ్యి పక్కదాని వైపు కదిలింది.

ఆఖరి వరసలో కుర్చీ కిర్రుమంది. "ఇక్కడే ఉన్నాడు," అన్నాడు పెద్దాయన.

"ఆగండాగండి!" టెరెల్ పరుగెత్తుకొచ్చాడు. "ఆఫీసువాళ్లు పొరపాటు పడ్డారు. హాస్కెట్ ఈయనే! నిక్షేపంలా బతికే ఉన్నారు!"

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. కోటుకున్న బిళ్ల విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పొరపాటేం లేదు. ఓరిన్ మార్చిలో పోయాడు. వాడి పెళ్లాం ఈ బిళ్ల నా చేతికిచ్చి పంపింది. ముందు వాడి కొవ్వొత్తి వెలిగించండి."

నవ్వులు ఆగిపోయాయి. అధ్యక్షుడు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "జవాబు ఆయన శాఖవాళ్లే చెప్పాలండీ. ఇంతకీ మీ పేరు?"

పెద్దాయన అక్కడే నిలిచిపోయిన టెరెల్ వైపు చూశాడు.

"ఈ హాల్లో ఆ పేరు పలకకూడదట."