ఇచ్చోడ నుంచి ఫోను

"మల్ల రాలే సార్. పేరు కొట్టిన, సేవ్ చేసిన. మెయిల్ అడ్రస్ గడి ఖాళీగనే ఉన్నది" అంది ఇచ్చోడ బ్రాంచి నుంచి హెప్సిబా.

"ఇంటిపేరు రాసినవా అమ్మా?" అడిగాడు సదానందం.

"మొదటిసారి మరిచిన గని, గప్పటిసంది ఒక్కటి ఇడుస్తలేను సార్."

అది కరీంనగర్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి హెడ్డాఫీసు. కొత్త ఉద్యోగి పేరు ఎక్కించగానే మెయిల్ అడ్రస్ దానంతటదే తయారు కావాలి. అన్ని బ్రాంచీలకూ అవుతోంది, పన్నెండు రోజులుగా ఇచ్చోడకే కావడం లేదు. అక్కడ కొత్త వార్డు తెరవడంతో రోజూ ఎవరో ఒకరు చేరుతున్నారు. కంప్యూటర్లు చూసే సదానందం ఒక్కో అడ్రస్ తన చేత్తో చేసి ఇస్తున్నాడు.

"సరే, పేరు చెప్పు."

"మైసయ్య సార్. ఇంటిపేరు దుర్గం. వాళ్లవ్వ మా చర్చిల పాటలు పాడుతది. మేనమామ దుబాయిల ఉంటడు..."

పేరు అడిగితే చుట్టాలంతా దిగేవారు. రెండు నిమిషాల పనికి అరగంట. అయినా సదానందం విసుక్కోడు. పెళ్లీ పెటాకులూ లేని యాభయ్యేళ్ల మనిషి. ఆఫీసులో ఆయన కూర్చునే మూలగదిలోకి ఎవరూ రారు, అద్దెగదిలో పలకరించే దిక్కు లేదు. మనిషి మాట కోసం మొహం వాచిపోయి ఉన్నాడు.

ఉన్నట్టుండి హెప్సిబా చుట్టాల ముచ్చట ఆపేసింది.

"సార్, మెయిల్ లేటై కొత్తోళ్ల హాజరు పడ్తలేదు. నీకే పని రాదని మేనేజర్ పరేషాన్ చేస్తుండు. పొద్దుగూకేదాక సక్కగ కాకుంటే నన్ను తీసేస్తరట. ఇద్దరు పిల్లలున్నరు సార్."



"నీ తప్పేం లేదమ్మా."

"మీరంటరు గని, వాళ్లు నమ్ముతలేరు. నేనేడ తప్పు చేస్తున్ననో జర చూడుండ్రి."

"ఫికర్ చెయ్యకు. గంటల సక్కగైతది. మేనేజర్‌కు నేను చెప్త."

"నిజంగనా సార్? అయితే ఇగ మిమ్మల్ని రోజు సతాయించ!" తేలిగ్గా నవ్వింది హెప్సిబా.

ఇంకేమైనా అంటుందేమోనని ఆయన ఫోను చెవికే ఆనించుకుని ఉన్నాడు. అవతల పెట్టేసిన చప్పుడైంది. రేపటి నుంచి ఈ ఫోను మోగదు.

మెయిల్ అడ్రస్‌ల సెట్టింగుల పేజీ తెరిచి, బ్రాంచీల వరుసలో ఇచ్చోడ దగ్గర ఆగాడు.

పన్నెండు రోజుల కిందట తానే తీసేసిన టిక్కును తిరిగి పెట్టాడు.